తడిపిన కాయ

మా ఆవిడ తమ్ముణ్ణి అందరూ ముక్కు అంటారు. గోనెసంచి మూతి విప్పి ఒక్కసారి వాసన చూస్తే చాలు, సరుకు ఎన్నాళ్ళు నిలవుందో, ఎక్కడ తడిసిందో చెప్పేస్తాడని ఆ పేరు. వాడు సరుకు పరీక్షించే వేరుశనగ గోదాములోకి మిషన్లు వచ్చాక వాడి ముక్కుతో పని తగ్గింది గానీ పేరు మాత్రం పోలేదు. సైకిలు వెనక పట్టుకుని పరిగెత్తి మరీ వాడికి తొక్కడం నేర్పినవాణ్ణి నేను. అలాంటివాడు, ఆ ఏడు గోదాము గేటు ముందు ముప్ఫై బళ్ళవాళ్ళు చూస్తుండగా నా బండిని వెనక్కి తిప్పించాడు. చచ్చేదాకా మరచిపోను. వాడు చేసింది తప్పు అనడం లేదు. పక్కకు పిలిచి చెవిలో చెప్పొచ్చు కదా అంటున్నాను.

ఆ ఏడు సంగతి చెప్పాలంటే ఎండతో మొదలుపెట్టాలి. వేరుశనగకి భూమిలో కాయ ఊరే నెల ఉంటుంది. ఆ నెలలో రెండు వానలు పడితే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. ఆ ఏడు ముప్ఫై ఎనిమిది రోజులు చినుకు లేదు. నేల బీటలు వారింది. బీటలో వేలు పెడితే పొయ్యి పక్కన పెట్టినట్టుండేది. మా నాన్న కాలంలో ఇలాంటిది పదేళ్ళకోసారి చూసేవాళ్ళు. ఇప్పుడు మూడేళ్ళలో ఇది రెండోసారి. తవ్వి చూస్తే కొన్ని కాయల డొల్లలు నెర్రెలిచ్చి ఉన్నాయి. ఉంటే ఉన్నాయి, గింజ బాగుంది కదా అనుకున్నాను.

పంట పీకి, ఎండబెట్టి, అరవై నాలుగు సంచుల కాయ ఇంటికి చేర్చాను. ఇక ఒలవాలి. ఇక్కడ నా పనితనం గురించి చెప్పాలి. బాగా ఎండిన కాయని ఒలిచే మిషన్లో పోస్తే గింజ రెండు బద్దలవుతుంది. బద్దకి ధర లేదు. అందుకని ముందు రోజు సాయంత్రం కాయ మీద నీళ్ళు చిలకరించి, తడి గోనెలు కప్పి ఉంచుతాం. తెల్లారేసరికి గింజ కాస్త మెత్తబడి, మిషన్లోంచి చెక్కు చెదరకుండా బయటకొస్తుంది. నీళ్ళు తక్కువైతే బద్దలు, ఎక్కువైతే ముద్ద. ఎంత చల్లాలో చేతికే తెలియాలి. నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకొచ్చిన చదువల్లా ఆ తడే. చుట్టుపక్కల వాళ్ళు కూడా నన్ను పిలిచి చల్లించుకునేవాళ్ళు.

మిషనువాడు రేపు పొద్దున్నే వస్తానని కబురు పంపాడు. అరవై నాలుగు సంచులూ ఒకేసారి తడిపేశాను. మర్నాడు వాడు రాలేదు. వాన వచ్చింది. నెల ముందు రావలసిన వాన, తీరిగ్గా అప్పుడొచ్చింది. దారి బురదై మిషను ఎక్కడో దిగబడింది. తొమ్మిది రోజులు మబ్బు కదల్లేదు. కాయని బయట పరిస్తే వాన, లోపల పరచడానికి చోటు లేదు. గోనెల మీద టార్పాలిన్ కప్పి, దాని మీద ఇటుకలు పెట్టాను. చెయ్యి లోపల పెడితే వెచ్చగా తగిలేది. వెచ్చగా ఉంది కాబట్టి ఆరుతోందనుకున్నాను.

పదో రోజు మిషను వచ్చింది. ఒలిస్తే, ఏం చెప్పమంటారు, వందకి నాలుగు బద్దలు కూడా లేవు. ముప్ఫై ఏడు బస్తాల గింజ. ముడతలు పడ్డవీ, విరిగినవీ, రంగు మారినవీ ఆడవాళ్ళు చేత్తో ఏరి పక్కన పెట్టారు. మంచివి అమ్మకానికి, ఏరినవి ఇంటికి. ఎప్పుడూ అంతే.

ధర పెరుగుతుందని ఐదు వారాలు ఆగి బండి కట్టాను. గోదాములో ముక్కు నన్ను చూసి నవ్వాడు కూడా. ఐదారు బస్తాల్లోకి ఇనుప గొట్టం గుచ్చి గింజలు తీశాడు, కలిపాడు, మిక్సీలో పొడి చేశాడు, ఏదో మందునీళ్ళు పోసి గిలకొట్టాడు. అందులో సన్నటి కాగితం ముక్క ముంచి, దాన్ని ఫోను సైజు మిషన్లో పెట్టాడు. అంకె చూశాడు. నవ్వు పోయింది. మళ్ళీ గొట్టం పట్టుకుని బండెక్కాడు. అలా మూడుసార్లు.

"ఎంతసేపురా? వెనక జనం తిడుతున్నారు" అన్నాను.

"అరవై ఎనిమిది, బావా."

"అంటే?"

"బూజు విషం. పదిహేను దాటితే గేటు లోపలికి రానివ్వం."

వెనక ట్రాక్టరు మీదున్నవాడు విననే విన్నాడు. "ఏం పెద్దాయనా, అరవై ఎనిమిది మార్కులా? ఫస్టు క్లాసు!" అన్నాడు. వరస మొత్తం నవ్వింది. నేను బడిలో ఏనాడూ అన్ని మార్కులు తెచ్చుకోలేదు, అదొకటి.

"సరిగ్గా తియ్యరా. అడుగు బస్తాలో తీసుంటావు."

"మూడు చోట్ల తీశాను. ఒకసారి యాభై నాలుగు, ఒకసారి ఎనభై ఒకటి. నీకు చెప్పింది మధ్యది."

"గింజ చూడు ముందు. ముత్యాల్లా ఉన్నాయి."

"బాగున్నాయి. ఈ విషానికి రంగుండదు, రుచుండదు. నా ముక్కుకే తెలీలేదంటే చూసుకో." వాడు గొంతు తగ్గించాడు. తగ్గించడం అప్పుడు గుర్తొచ్చింది దొరగారికి. "తడిపావు కదూ?"

"ఎవడు తడపడు?"

"అందరిదీ మర్నాడే ఆరింది. నీ సంచులు ఎన్నాళ్ళున్నాయి కప్పెట్టి?"

నేను బస్తాల మీది గోనె సర్దాను. వాడు చీటీ మీద ముద్ర గుద్ది చేతిలో పెట్టాడు. ముప్ఫై బళ్ళను పక్కకు జరిపించుకుంటూ వెనక్కి తిప్పుకోవడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో ఎంతమంది ఎన్ని సలహాలిచ్చారో చెప్పను.

మర్నాడు పొద్దున్నే బ్రోకరు దిగాడు. వెనక్కి తిరిగిన బండి ఎవరిదో గద్దలా కనిపెట్టి ఉంటాడు. గింజ నోట్లో వేసుకుని నమిలాడు, తల ఊపాడు.

"బంగారం లాంటి సరుకు అన్నా. ఆ గోదామువాళ్ళకి మిషను ఏం చెబితే అది వేదం. బస్తాకి మూడు వేల నాలుగు వందలిస్తాను. శుక్రవారం లారీ పంపిస్తా, ఇక్కడికిక్కడే డబ్బు."

గోదాము ధరలో అది సగం కంటే కాస్త ఎక్కువ. సరే అన్నాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంతా వింది. "వాడికి ఇవ్వడమెందుకు, మా తమ్ముణ్ణి మళ్ళీ ఒకసారి అడుగు" అంది.

"మీ తమ్ముడి పేరు ఈ ఇంట్లో ఎత్తావంటే బాగుండదు" అన్నాను.

పేరు ఎత్తక్కర్లేకుండానే ఆ మధ్యాహ్నం మనిషే వచ్చాడు. సంజాయిషీకి వచ్చాడో, అక్క చేతి భోజనానికి వచ్చాడో. నేను పలకరించలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాను.

మా అమ్మాయి ఆ ఏడు మా ఇంట్లోనే ఉంది. అల్లుడు లారీ డ్రైవరు, నెలకోసారి వస్తాడు. వాళ్ళకో పాప, తొమ్మిది నెలలు. అప్పుడు అమ్మాయి వంటింటి గడప మీద కూచుని పాపకి గిన్నెలోంచి చెంచాతో పెడుతోంది. గోడవైపు తిరిగున్నా చెవులు గోడవైపు తిరగవు కదా, అన్నీ వినబడుతున్నాయి.

"ఏం పెడుతున్నావే దానికి?" అన్నాడు ముక్కు.

"జావ మావయ్యా. వేరుశనగ పొడి కలిపాను. బలం కదా."

తరవాత డబ్బా మూత తీసిన చప్పుడు.

"అక్కా, ఇవి ఆ సరుకులోవేనా?"

"అవే. ఏరి పక్కన పెట్టినవి. పారేస్తామా ఏం?"

నేను ఇటు తిరిగాను. వాడు డబ్బాలోంచి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పరిచాడు. ముడతలవి, ఊదా రంగువి, అంచున బూడిద అంటినట్టున్నవి. జేబురుమాలులో మూట కట్టాడు. అక్క కంచం పెట్టి పిలుస్తుంటే, "పాపకి ఆ గిన్నె ఇంక పెట్టకండి" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. భోజనం వదిలి వెళ్ళే రకం కాదు వాడు.

"మీ తమ్ముడికి నా బండి తిప్పింది చాలలేదు, ఇప్పుడు నా డబ్బా మీద పడ్డాడు" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు, డ్యూటీలో ఉండాల్సిన వేళకి వాడు ఇంటి ముందు సైకిలు దిగాడు. దాన్ని గోడకి ఆనించడం మరిచిపోతే అది కింద పడింది. తీయలేదు.

"మిషను రెండు వందల దాకే చూపిస్తుంది బావా. ఈ గుప్పెడు దాన్ని దాటిపోయింది. ఎంతో తెలీదు."

"నా బస్తాలు అరవై ఎనిమిదే కదరా!"

"ఏరి తీశారుగా. ఉన్న విషం చాలావరకు ఏరినవాటిలోనే ఉంటుంది. ఎండకి కాయ నెర్రెలిచ్చినప్పుడు మట్టిలోంచే బూజు లోపలికెళ్ళింది. నీ తడి దాన్ని పెంచి పోషించింది." తరవాత మా అమ్మాయి వైపు తిరిగాడు. "ఎన్నాళ్ళుగా పెడుతున్నావమ్మా?"

"ఐదు వారాలు."

"రోజూనా?"

"రెండు పూటలా." అది పాపని దగ్గరికి లాక్కుంది. "నెల నుంచీ బరువు పెరగలేదు మావయ్యా. పళ్ళొస్తున్నాయి, అందుకే అంది పక్కింటావిడ."

మా ఆవిడ కోళ్ళగూడు వైపు చూస్తోంది. విరిగిన ముక్కలన్నీ ఐదు వారాలుగా వాటికి వేస్తున్నాం. రెండు వారాలుగా గుడ్లు లేవు. వాతావరణం మారి మానేశాయని తనే అంది అంతకుముందు. ఇప్పుడు వెళ్ళి గూటి ముందు మిగిలిన గింజలు ఊడ్చేసింది.

నాకేమనిపించిందో అడక్కండి. ముందు వాడి మీద కోపం వచ్చింది. తరవాత మిషనువాడి మీద, వాన మీద, ఈ తడి నాకు నేర్పి పోయిన మా నాన్న మీద వచ్చింది. ఇంక ఎవరూ మిగల్లేదు.

ఆ పూటే పాపని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ పాప కళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, చిన్న సూదితో రక్తం తీసింది. పాప ఏడ్చిన ఏడుపుకి బయట బెంచీ మీద ముసలాయన లేచి నిలబడ్డాడు. "కాలేయం ఎలా ఉందో చూడాలి. మూడు రోజుల్లో రిపోర్టు వస్తుంది. ఈలోగా ఆ పొడి ఇంట్లో ఉండకూడదు" అంది.

మూడు రోజులు. డబ్బా నేనే ఖాళీ చేశాను. వేడినీళ్ళతో కడిగాను, మళ్ళీ కడిగాను, ఆఖరికి డబ్బా కూడా పారేశాను. అమ్మాయి నాతో మాట్లాడలేదు. కోపం కాదది, మాట్లాడితే ఏడుపొస్తుందని. పాప మాత్రం నా వేలు పట్టుకుని కొత్తగా వచ్చిన పన్నుతో కొరికేది. మా ఆవిడ ఆ మూడు రోజులూ నన్ను ఒక్క మాట అనలేదు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో నేను అంత భయపడింది లేదు.

గురువారం రిపోర్టు వచ్చింది. ముక్కు సెలవు పెట్టి మాతో వచ్చాడు. డాక్టరమ్మ కాగితం చూస్తోంది. ఒక కాగితం చదవడానికి అంతసేపు పడుతుందా? నేను చదివినా ఈపాటికి అయిపోయేదనిపించింది.

"బాగానే ఉంది" అంది.

"ఏది?" అన్నాను.

"కాలేయమండీ. అంకెలన్నీ హద్దులోనే ఉన్నాయి. తొందరగా కనిపెట్టారు. ఇంకో ఏడాది అలాగే పెట్టి ఉంటే నేను ఇలా చెప్పగలిగేదాన్ని కాదు. మంచి తిండి పెట్టండి, ఎదుగుదల దానంతటదే అందుకుంటుంది. రెండు నెలల తరవాత ఒకసారి చూపించండి."

అమ్మాయి పాపని గుండెకి అదుముకుని అక్కడే ఏడ్చేసింది. మా ఆవిడ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను బయటకొచ్చి చెప్పులు వేసుకుని, ఎవరికోసమూ ఆగకుండా రోడ్డు దాకా నడిచాను. వీధి చివర ముక్కు పరిగెత్తుకొచ్చి నన్ను పట్టుకున్నాడు.

"బావా, కాళ్ళు చూసుకో."

ఒకటి నాది. రెండోది ఎవరిదో, ఆడవాళ్ళది, పూల పట్టీ ఉన్నది.

వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వు ఆగలేదు. రోడ్డు మీద ఇద్దరు నడివయసు మగాళ్ళు ఒక ఆడచెప్పు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వితే జనం ఏమనుకుంటారో అనుకోనీ అనిపించింది. ఆ చెప్పు తిరిగి ఇవ్వడానికి వెనక్కి నడుస్తుంటే, నాలుగు రోజులుగా నేను ఊపిరి సగమే తీసుకుంటున్నానని తెలిసింది.

శుక్రవారం లారీ వచ్చింది. చెప్పిన మాట చెప్పినట్టే వచ్చాడు బ్రోకరు, ఆ గుణం ఉంది వాడికి. ఇద్దరు కూలీలు బస్తాలు ఎత్తడం మొదలుపెట్టారు. నేను అరుగు మీద కూచుని చూస్తున్నాను. ఆరో బస్తా ఎక్కాక అడిగాను.

"ఇవి ఎక్కడికెళ్తాయి?"

"పొడి మిల్లుకి అన్నా. పది బస్తాల మంచి సరుకులో ఒక బస్తా నీది కలుపుతారు. వేయించి పొడి చేశాక ఏ మిషనూ ఏమీ కనిపెట్టలేదు."

"వేయిస్తే విషం పోతుందా?"

"పోతుందో లేదో మనకెందుకు?"

"ఆ పొడి ఎవరు తింటారు?"

"పొట్లాలు కడతారు. పసిపిల్లలకి జావలో కలుపుకోడానికి. పేదోళ్ళు కొంటారులే." వాడు నా భుజం తట్టాడు. "మన ఇంటికి రాదు, కంగారు పడకు."

నేను లేచి లారీ దగ్గరికెళ్ళాను. బస్తా మూతి కొస పట్టుకుని లాగాను. కూలీవాడు నాకేదో సాయం కావాలనుకుని అందించాడు. అది దించి రెండోది పట్టుకున్నాను.

"ఏంటన్నా?"

"ఇవాళ అమ్మడం లేదు."

"ధర చాలలేదా? మూడు వేల ఏడు వందలు చేస్కో."

"ఇంకా పెంచకు" అన్నాను. "పెంచితే ఇచ్చేస్తానేమో. లారీ తీసుకుని వెళ్ళు."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. మీ బావమరిది ఏదో మందు పెట్టాడన్నాడు. కూలీలకి దింపుడు కూలీ నేనే ఇచ్చుకున్నాను. లారీ మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికెళ్ళి మంచినీళ్ళు అడిగాను. మా ఆవిడ చెంబు ఇచ్చింది. ఆ చెంబుతో పాటు మాట కూడా తిరిగొచ్చింది. "చొక్కా మార్చుకో, చెమట కంపు" అంది. ప్రాణం లేచొచ్చింది నాకు.

ఆదివారం చేను చివర, నీళ్ళు నిలవని మెరకన గొయ్యి తవ్వాను. తవ్వుతుంటే ముక్కు వచ్చాడు. మూతికి గుడ్డ కట్టుకుని, నాకూ ఒకటి విసిరాడు. భుజాన రెండు సున్నం బస్తాలు. నేను రమ్మనలేదు.

"కాల్చకూడదా?" అన్నాను.

"ఆ పొగ పీలుస్తావా?"

బస్తా తరవాత బస్తా విప్పి పోశాం. నిజంగానే ముత్యాల్లా ఉన్నాయి. పైన సున్నం, దాని పైన మట్టి. సగం అయ్యాక వాడు నడుం నిటారు చేసి, "గేటు దగ్గర అంత గట్టిగా చెప్పకుండా ఉండాల్సింది బావా" అన్నాడు.

"అవును" అన్నాను.

వాడు ఇంకేదో ఆశించినట్టు ఆగాడు. నేను పార తీసుకున్నాను. క్షమించానని చెప్పడానికి నాకు ఇప్పటికీ నోరు రాలేదు. కానీ ఆ రోజు కంచంలో వాడికి మా ఆవిడ వడ్డించకముందే నేను వడ్డించాను. వాడికది చాలుతుంది, చాలకపోతే వాడిష్టం.

నెలన్నర తరవాత గోదాములో ఎవరూ లేని వేళ చూసి, గింజలు తూచే చిన్న కాటా పళ్ళెంలో తువ్వాలు పరిచి, ముక్కు పాపని కూచోబెట్టాడు. డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళడానికి ఇంకా రెండు వారాలుంది, అంతదాకా ఆగలేకపోయాం. పాప పళ్ళెం అంచు రెండు చేతులతో పట్టుకుని మమ్మల్నందరినీ విచారణ చేస్తున్నట్టు చూసింది.

"కదలకే తల్లీ, ముల్లు నిలబడనీ" అంది అమ్మాయి.

"ఎంతరా?" అన్నాను. కళ్ళజోడు లేదు నాకు.

"డాక్టరమ్మ తూచినప్పుడు ఆరు కిలోల తొమ్మిది వందలు కదా? ఇప్పుడు ఏడు కిలోల ఎనిమిది వందలు." ముక్కు పాప నెత్తి మీద వాసన చూశాడు, అలవాటు పోదుగా. "సరుకు బాగుంది బావా. గేటు లోపలికి రానివ్వచ్చు."

మా అమ్మాయి నవ్వింది. ఆ డబ్బా సంగతి తెలిసినప్పటి నుంచీ నేను విననిది ఆ నవ్వు. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పాపని కాటా మీంచి ఎత్తుకున్నాను. బరువు తేడా చేతికి తెలుస్తుందా అని అడిగితే, తెలిసింది. అంతో ఇంతో తూకం చేతికి తెలిసినవాణ్ణే.

ఇప్పుడు నేను కాయని తడపను. ఎవరైనా చల్లిపెట్టమని పిలిస్తే వెళ్ళను, వాళ్ళనీ చల్లొద్దంటాను. సగంమంది వింటారు, సగంమంది నాకు మతి పోయిందంటారు. నేల మీద కాకుండా కర్రల మీద వల కట్టి, దాని మీద ఆరబెడుతున్నాను. బద్దలు ఎక్కువొస్తాయి, ధర తక్కువొస్తుంది. ముడతలు పడ్డవాటిని ఇంట్లోకి రానివ్వను. పోయిన పంటకి ముక్కు చీటీ మీద రాసిన అంకె నాలుగు. అది మాత్రం గేటు దగ్గర అందరికీ వినపడేలా నేనే అరిచి చెప్పాను.

ఇక ఆ ఏడు నాకు పోయింది ఎంత అంటారా? బ్రోకరు మొదట చెప్పిన ధరకే కట్టినా, ముప్ఫై ఏడు బస్తాలకి లక్షా ఇరవై ఐదు వేల ఎనిమిది వందలు.